తమ్ముడు నడిపాడు, నేను కాల్చాను

మొన్న మా చౌటుప్పల్‌లోనే బంధువుల ఇంటి విందుకు వెళ్తే, ఫంక్షన్ హాలులో పిల్లల కోసమని ఒక మూల పాతకాలపు వీడియో గేమ్ పెట్టెను కిరాయికి తెచ్చి పెట్టారు. అది కంటపడకముందే దాని చప్పుడు నా చెవిన పడింది, చేతిలో పళ్లెం ఉందన్న సంగతి కూడా మరిచి నిలబడిపోయాను. మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, శత్రు విమానాలు వరుసలు కట్టి పైనుంచి దిగుతుంటే, అడుగున ఒక్కగానొక్క మన విమానం అటూ ఇటూ తప్పుకుంటూ గుండ్లు కాల్చే ఆట.

మా తమ్ముడికి ఆ ఆటంటే ప్రాణం. బాపు మేము నేసిన చీరలు ఇవ్వడానికి నల్లగొండకు పోయినప్పుడల్లా వాడు వెంటపడి వెళ్లి, బస్టాండు దగ్గరి దుకాణంలో ఆ పెట్టె ముందు నిలబడేవాడట. ఒకసారి నేనూ వెళ్లి చూశాను. పెద్దవాళ్లు సైతం ఆడటం మాని వాడి చేతులకేసి చూస్తుండటం నాకు గర్వంగా అనిపించింది. అప్పటికే వాడి మోకాళ్లు లోపలికి వంగడం మొదలైంది. మా ఊరి బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలుసు, తెలిసినా అవే తాగాం, వేరే నీళ్లు ఎక్కడివి? ఒకే బిందె నీళ్లు తాగిన ఇంట్లో నన్ను వదిలి వాణ్నే ఎందుకు పట్టుకుందో ఏ దవాఖానలోనూ చెప్పలేదు. ఎముకల్లో చేరింది, తీసేది కాదు అని మాత్రం చెప్పారు.

తెలంగాణ వచ్చేనాటికి బాపు లేడు. అమ్మనూ తమ్ముణ్నీ చౌటుప్పల్‌లో మా ఇంటికే తెచ్చుకున్నాం. అప్పటికి వాడి వెన్ను కర్రలా బిగుసుకుపోయింది. మెడ తిరగదు, మంచం మీద పక్కకు ఒత్తిగిలాలన్నా ఇద్దరం పట్టాలి. వాడు ఎన్నడూ ఏదీ అడగలేదు. మా ఆయన పనిచేసే మందుల కంపెనీలో ఒక ఆఫీసరు ఇల్లు మారుతూ పాత సామాను పారేస్తుంటే, అందులో టీవీకి తగిలించే పాతకాలపు కంప్యూటర్ ఒకటి కనబడింది. చూడటానికి ఉత్త మీటల పలక. ఆటలు పాటల క్యాసెట్లలాంటి వాటిలో ఉండేవి. ఒక క్యాసెట్ మీద ఆ విమానం బొమ్మ చూసి, తమ్ముడి సంగతి ఎన్నోసార్లు విని ఉన్న మా ఆయన దాన్ని అడిగి మరీ తెచ్చాడు.

తమ్ముడి చూపు నిలిచే ఎత్తులో స్టూలు మీద టీవీ పెట్టాం. క్యాసెట్ చాలాసేపు కీచుమని గీపెట్టాక తెర మీద బొమ్మ వచ్చింది. పెద్ద పెట్టెలోని రంగులు ఇందులో లేవు. విమానాలు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. ఎక్కువ విమానాలు ఒక్కసారిగా దిగితే ఆ చిన్న మిషను మోయలేక ఆట మొత్తం నెమ్మదించేది. నేను చిన్నబోయాను గానీ, వాడు మాత్రం కళ్లార్పకుండా చూసి, “గదే అక్కా, జర చిక్కిపోయి వచ్చింది, నా లెక్కనే” అన్నాడు. ఆ నెమ్మదే వాడి వేళ్లకు అందింది.

ఆ ఏడాది పొద్దున మగ్గం పని అయ్యాక మధ్యాహ్నాలన్నీ ఆటతోనే గడిచాయి. ఆట చివర దిగే పెద్ద శత్రు విమానాన్ని ఒక్కసారైనా కూల్చాలని వాడి ఆశ. కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాక, “నేను నడుపుత, నువ్వు కాల్చు” అన్నాడు. వాడు ఎడమచేత్తో విమానాన్ని నడిపేవాడు, నేను కాల్చే మీట నొక్కేదాన్ని. ఆ పెద్ద విమానం దాకా రెండు మూడుసార్లు పోయాం గానీ, కూల్చలేకపోయాం.

ఆ రోజుల్లోనే మా వీధికి కృష్ణా నీళ్ల నల్లా వచ్చింది. అమ్మ మొదటి గ్లాసు వాడికే తాగించింది. “తియ్యగున్నయమ్మా” అన్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక, “గివి చిన్నప్పుడు రావాలె” అన్నాడు. అమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని మళ్లీ నల్లా దగ్గరికి పోయింది.

చలికాలానికి ఎడమచేయి కూడా లేవలేదు. నడపడమూ కాల్చడమూ నన్నే చేయమని, తాను మంచం మీంచి చెప్పసాగాడు. వాడు ఎడమకు అంటే నా చేతిలో విమానం కుడికి పోయేది, ఆగమంటే కాల్చేదాన్ని. విమానం పేలిపోతూనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాడు నా మీద అరిచాడు.

“కండ్లు కనబడ్తలేవానే? ఊకూకె నన్ను సంపుతున్నవ్ గద!”

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి టీవీ ఆపేసి, పైట నోట్లో కుక్కుకుంది. తర్వాత వాడే మెల్లగా, “మల్ల పెట్టక్కా. గెలవకున్న మంచిదే, సూస్త” అన్నాడు. ఆ మధ్యాహ్నం నేను ఎన్నిసార్లు ఓడినా వాడు చూస్తూనే ఉన్నాడు.

వాడి పక్కటెముకలు కూడా బిగుసుకుపోయాయి గనుక ఊపిరికి జాగా లేదని దవాఖానలో చెప్పారు. మామూలు దగ్గే పట్టుకుంది, అదే తీసుకుపోయింది. పాడె మీద వాణ్ని వెల్లకిలా పడుకోబెట్టడానికి వంగిన కాళ్లు తిన్నగా రాలేదు. అట్లాగే మోసుకుపోయారు.

ఇప్పుడు మా వీధిలో బడి విడిచాక పిల్లలు గుంపుగా అరుచుకుంటూ పోతారు. వాళ్లు నవ్వితే నా చూపు మొదట పళ్ల మీదికే పోతుంది. మా కాలంలో పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తుంటే, తల్లులం బిడ్డ గదవ పట్టుకుని వెలుతురుకు తిప్పి, ఫ్లోరైడ్ పసుపు గార ఉందేమోనని గుండె చిక్కబట్టుకుని చూసేవాళ్లం. ఈ పిల్లల తల్లులకు ఆ చూపే తెలియదు. తెలియకపోవడమే మంచిది. పక్కింటి పిల్ల మాత్రం ఒకనాడు, “అట్ల సూస్తవేంది అవ్వా?” అని అడిగింది. మంచిగున్నయి బిడ్డా అని చెప్పి లోపలికి వచ్చేశాను.