ఎస్.కోట బస్సులో నా పక్కసీటు

శృంగవరపుకోట నుంచి విజయనగరం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆ ఆడమనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు. పొద్దున్నే సారా కంపు. పైగా నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట పీలుస్తోంది. కండక్టర్‌ని పిలిచి ఆమెను దింపెయ్యమన్నాను. అతను చుట్ట మాత్రం ఆర్పించి వెళ్లిపోయాడు.

ఆమె నా వైపు తిరిగింది. "ఏటమ్మా, అంత గీర? నీ మొగుడేటి సేస్తాడు?"

"సొంత లారీ నడుపుతారు," అన్నాను.

"అయితే ఎల్లి రగతం సూపించుకో. నాకు సారా పట్టించీసి, మత్తులో ఉన్నప్పుడు నిరోధ్ ఒద్దన్నోళ్ళు లారీవోళ్ళే. ఇప్పుడు ఎయిడ్స్ మందులకే ఆసుపత్రికి పోతన్నాను."

బస్సంతా విన్నది. వెనకసీట్లో ఎవరో నవ్వారు కూడా.

"మా ఆయన అలాంటివారు కాదు!" అని అరిచాను.

"నా కాడికొచ్చినోళ్ళ పెళ్ళాలందరూ అలాగే అనుకుంతారు," అని కిటికీ వైపు తిరిగిపోయింది.

ఆమెను తిట్టుకుంటూనే వెళ్లి రక్తపరీక్ష చేయించుకున్నాను. నాకేమీ లేదన్నారు. ఆ సంగతి ఆమె మొహం మీదే చెప్పాలని, ఆ బస్సెక్కినప్పుడల్లా వెతుకుతాను.

మా ఆయన్ని కూడా పరీక్ష చేయించుకోమన్నాను. ఇంతవరకూ వెళ్లలేదు. ఆ రోజే నేను వసారాలోకి మార్చిన ఆయన మంచం ఇప్పటికీ అక్కడే ఉంది.