ఎదురెదురు కుర్చీలు

పోయిన సోమవారం పొద్దున్న కాఫీ వేళకి మావారి ఫోన్ మోగింది. శామీర్‌పేట దగ్గరున్న ఆ యూనివర్సిటీ వాళ్లు. వాళ్ల వ్యవస్థాపకులు కాలం చేశారట, సంతాపసభ పెడుతున్నారట, మొట్టమొదటి వైస్ ఛాన్సలర్ కాబట్టి ఈయన వచ్చి రెండు మాటలు మాట్లాడాలట. ఆయన అలాగేనని చెప్పి మళ్లీ పేపర్లో తల దూర్చారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఈయన చెప్పుకోవలసిన రోజున ఒక్క మాట విననివాళ్లకి ఇవాళ రెండు మాటలు కావలసివచ్చాయి!

నా ఈడువాళ్లతో చెప్పుకుంటే తప్ప ఈ మంట చల్లారేట్టు లేదు. మాది కృష్ణా జిల్లా. మావారు హైకోర్టులో వకీలుగా నిలదొక్కుకున్నాక యాప్రాల్‌లో ఈ ఇల్లు కట్టుకున్నాం. అప్పట్లో ఇటు రమ్మంటే ఆటోవాడు మొహం తిప్పుకుని పోయేవాడు. చీకటి పడితే కుక్కలూ, మేమూను. ఆ రోజుల్లోనే మేడ్చల్ వైపు భూముల తగాదా పట్టుకుని వచ్చాడు, ఇప్పుడు కాలం చేసిన ఆ పెద్దమనిషి. గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. నేనిచ్చిన టీ తాగుతూ, గీ కేసు గెలిపిస్తే సాబ్‌ను నెత్తిన పెట్టుకుంట అనేవాడు. ఇద్దరూ తలుపు వేసుకుని మాట్లాడుకునేవారు. అతను చెప్పుకున్న గుట్టేమిటో నాకు ఈనాటికీ తెలియదు. కేసు ఏళ్లూ పూళ్లూ సాగి, చివరికి గెలిచారు.

ఆ భూమిలోనే యూనివర్సిటీ లేచింది. సాయంత్రాలు లా కాలేజీలో పాఠాలు కూడా చెప్పిన మనిషి కాబట్టి మావారికి అర్హతలో లోటు లేదు, పిలిచి వైస్ ఛాన్సలర్ని చేశాడు. నల్లకోటు బీరువాలోకి వెళ్లిందే గాని, ఈయనకి కోర్టు అలవాట్లు ఎక్కడికి పోతాయి? చేరగానే తన బల్లముందు రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించారు. రెండూ ఒకే ఎత్తు, ఒకే చెక్క. ఎవరిమీద ఫిర్యాదు వచ్చినా, చేసినవాళ్లు ఒకదానిలో, మాట పడినవాళ్లు రెండోదానిలో కూర్చోవాలి. లెక్చరరైనా తోటమాలైనా నిలబడి మాట్లాడడానికి వీల్లేదు. రెండోవాళ్ల మాట వినకుండా కాగితం మీద సంతకం పెట్టేవారు కాదు. అన్నం చల్లారిపోతోందని నేను ఫోన్లో సాధిస్తే, ఇంకా ఒక కుర్చీ మాట మిగిలిందనేవారు. ఆ కుర్చీలంటే నాకు సవతుల మీదున్నంత ప్రేమ ఉండేది.

ఒక ఎండాకాలం, హాస్టల్ నీళ్లలో పురుగులు వస్తున్నాయని ఒక పిల్ల ఫోటో తీసి అందరికీ పంపింది. మచ్చ బొల్లారంలో ఆటో నడిపే ఆయన కూతురు. యూనివర్సిటీ పరువు తీసింది, వెంటనే పంపించెయ్యమని పెద్దమనిషి కబురు పెట్టాడు. ఫిర్యాదు మీది కాబట్టి మీరే వచ్చి కుర్చీలో కూర్చోండని మావారు తిరుగు కబురు పంపారు. ఆయన సొంత చోటుకి ఆయన్నే పిలిపిస్తారా అని నేను తల బాదుకుంటే, పిలవకపోతే వినేదెలా అని నవ్వేశారు.

అతను వచ్చాడు. కూర్చున్నాడు కూడా. ఎదుటి కుర్చీలోంచి ఆ పిల్ల తడబడకుండా అన్నదట: "పురుగులున్నయని జెప్పిన సార్. అబద్ధమైతే ఇప్పుడే పోత. నిజమైతే పెద్దసారు గా నీళ్లు ఒక్క గ్లాసు తాగాలె."

పెద్దమనిషి గట్టిగా నవ్వి, ట్యాంకు కడిగించమని చెప్పి, పిల్ల తల నిమిరి వెళ్లిపోయాడట. ఎంత పెద్ద మనసో చూశావా అని ఇంటికొచ్చి ఈయన పొంగిపోయారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఆటోవాడి కూతురికి సమానంగా తనని కూర్చోబెట్టినందుకు అతను ఊరుకుంటాడా?

నెల తిరగలేదు. ఒక పొద్దున్న గేటు దగ్గరే ఈయన కారు ఆపేశారు. రోజూ సలాం కొట్టే కాపలాదారు తల వంచుకుని, "మిమ్ముల లోపలికి ఇడువొద్దన్నరు సార్. నన్నేం జెయ్యమంటరు, పిల్లలు గలోణ్ని" అన్నాడట. సాయంత్రానికి ఈయన సామాను వ్యానులో ఇంటికొచ్చింది, ఆ దిక్కుమాలిన కుర్చీలతో సహా. కారణం చెప్పలేదు, పిలిచి అడగలేదు. పైగా ఈయనకి మతిమరుపు వచ్చిందని పుకారు పుట్టించారు. అన్నిటికన్నా అదే నన్ను కోసేసింది. కౌకూర్‌లో ఉండే స్నేహితురాలొకావిడ మా ఇంటికొచ్చి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు, "నన్ను గుర్తుపట్టిన్రా సార్?" అని ఈయన మొహంలో మొహం పెట్టి అడిగింది. ఈయన ఓపిగ్గా ఆవిడ పేరూ, వాళ్లాయన పేరూ చెప్పారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

తోటి వకీళ్లంతా కేసు వెయ్యమన్నారు, మీరు ఊఁ అంటే చాలన్నారు. ఈయన ఊఁ అనలేదు. తీసేసిన కారణం దగ్గర మొదలైతే పాత సంగతులన్నీ కోర్టులో పడతాయట. "నన్ను నమ్మి గుట్టు చెప్పుకున్నవాడు. అతని ఎదుట వాదిగా నిలబడను" అన్నారు. కక్షిదారుడి గుట్టు దాచడం వాళ్ల వృత్తిలో ఉన్నదే, నాకూ తెలుసు. కానీ మనల్ని వీధిలోకి గెంటినవాడి గుట్టు కూడానా? ఎన్నాళ్లో ఈయనతో ముభావంగా ఉన్నాను.

సంతాపసభకి నేనూ వెళ్లాను, ఈయన ఇప్పుడైనా వాళ్లని కడిగేస్తారేమోనన్న ఆశతో. ఎటుచూసినా అద్దాల గోడలే. ఈయన గది ఉన్నచోట టోకెన్ ఇచ్చే మిషను పెట్టారు. మైకు దగ్గర ఈయన చెప్పింది ఇంతే: "వీరు ఒకసారి నా గదికొచ్చి, ఒక విద్యార్థినికి ఎదురుగా అదే ఎత్తు కుర్చీలో కూర్చుని, ఆ అమ్మాయి చెప్పింది విన్నారు. అది నాకు బాగా గుర్తుంది." అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. పెద్దమనిషి కొడుకు వచ్చి దండం పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

కారెక్కాక అడిగాను, మనిషే పోయాడు కదా, నాకైనా ఆ గుట్టు చెప్పొచ్చు కదా అని.

"పోతే మాత్రం? నమ్మి చెప్పాడు కదా" అన్నారు.

ఇప్పుడక్కడ ఫిర్యాదులూ ఫోన్లోనే, శిక్షలూ ఫోన్లోనేనట, ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదట. ఆ కుర్చీలు మాత్రం మా వరండాలో అలాగే ఎదురెదురుగా ఉన్నాయి. సాయంత్రాలు ఒకదానిలో ఆయన, ఒకదానిలో నేను. ఊళ్లోవాళ్లందరి మాటా విన్న మనిషి. ఆయన మాట విందామని నేను ఇన్నేళ్లుగా ఎదుటి కుర్చీలో కూర్చునే ఉన్నాను. ఆయనేమో, రేపు కూరేమిటి అని అడుగుతారు.