పాట వచ్చినప్పుడు

మా అన్నయ్య చనిపోయిన ఏడాది నేను సినిమాలు తెగ చూశాను. ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. హాల్లో ఊరికే కూర్చునేవాణ్ణి. ఒకసారి మ్యాట్నీ చూసి బెజవాడలో ఉయ్యూరు బస్సెక్కాను. పక్క సీటులో తెల్ల టోపీ పెట్టుకున్న ఒకాయన, వన్‌టౌన్‌లో కొన్న గాజుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నా జేబులో పాటల పుస్తకం చూసి, "సినిమా ఎలా ఉందండీ?" అన్నాడు.

"దరిద్రంగా ఉందండీ. తండ్రి చచ్చాడని కబురొస్తుంది, ఆ వెంటనే హీరో కొండ మీద డాన్సు. ఇప్పటి సినిమాలన్నీ ఇంతే, ఎక్కడ చూసినా పాటలే."

"చాలా ఉన్నాయా పాటలు?"

"లెక్కలేనన్ని."

"అయితే రేపే వెళ్ళాలండీ."

"సంగీతమంటే ఇష్టమా?" అన్నాను.

"నాకేం తెలుస్తుందండీ సంగీతం. పాట రాగానే బెంచీల్లో మగాళ్ళంతా బీడీలకి బయటికి పోతారు గదా. మా ఆవిడ పోయిందండీ. ఇంట్లో పిల్లలుంటారు, కొట్లో బేరాలుంటాయి. అక్కడైతే పాట అయ్యేదాకా మన మొహం ఎవరూ చూడరు."

ఎండల గురించి చెప్పినట్టే చెప్పాడు. కంకిపాడులో గాజులు కదలకుండా పెట్టె పట్టుకుని మెల్లగా దిగిపోయాడు.

తర్వాత చూసిన సినిమాలో పాట మొదలవగానే అందరూ లేచారు. నేను లేవలేదు. ఏడుపు రాలేదు గానీ, అలాగే కూర్చున్నాను. ముందు బెంచీలో ఇంకొకాయన కూడా లేవలేదు. ఆయన వంక చూడకుండా తెర వంకే చూశాను.

బయటికొచ్చాక ఎవరో సినిమా ఎలా ఉందని అడిగారు. పాటలు చాలలేదన్నాను.