తుండుగుడ్డ కింద నాలుగో వేలు

1946, ఉగాది మధ్యాహ్నం. కొట్లో ఉన్నవాళ్లు: షావుకారు, ఆయన బావమరిది, నేను. ఆ రోజు డైరీలో ఇంతే ఉంది. మిగతాది ఇన్నేళ్లూ రాయబుద్ధి కాలేదు.

శ్రీకాకుళంలో ఆ షావుకారు దగ్గర చుట్టుపక్కల ఊళ్ల రైతులు డబ్బు దాచుకునేవారు. ఆ డబ్బు గోగునార మీద పెట్టాలా, నువ్వుల మీద పెట్టాలా, ఎవరికైనా వడ్డీకివ్వాలా అన్నది చూసి చెప్పడం నా పని. జీతం నెలకు ముప్పై రూపాయలు. నా భార్యకు ఆరు నెలలుగా దగ్గు. విజయనగరం డాక్టరు ఏడాదిపాటు మందులు, రోజూ శేరు పాలు తప్పవన్నాడు. నలభై వస్తే గాని అవి సాగవు.

మా కొట్లో ఉగాదికి కొత్త ఏడాది జీతం నోటితో మాట్లాడుకోరు. సరుకు బేరం లాగే తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్లతో తేల్చుకుంటారు. పక్కవాళ్లకు తెలియకూడదని ఆ ఆచారం. ఒక్కో వేలు నెలకు పది రూపాయలు.

నేను నాలుగు వేళ్లు చాచాను. షావుకారు నాలుగోది మెల్లగా మడిచాడు. మళ్లీ చాచాను. మళ్లీ మడిచాడు.

ఆచారం తప్పి నోరు తెరిచాను. "కిందటేడు గోగునార కొనొద్దని ఆపాను కదండీ. కొన్నవాళ్లంతా మునిగిపోయారు."

"రాని నట్టానికి ఏటిచ్చీది పంతులూ?" అన్నాడు.

బావమరిది నవ్వాడు. నేను వద్దన్నా వినక నువ్వులు కొని, ధర కలిసొచ్చి, లాభంలో రూపాయికి రెండణాల వాటా అందుకున్నవాడు. "పంతులు లెక్క ఎప్పుడూ తప్పదు బావా. అందుకే మనకేటీ మిగల్దు."

"నువ్వూరుకోరా," అని షావుకారు నా వైపు తిరిగాడు. "సూడు పంతులూ, మునిగితే ఈడు నాతో మునుగుతాడు. నువ్వు మునగవు. నీకూ వాటా ఇస్తాను, జీతం మానీ. లాభమొస్తే రూపాయికి అణా నీది, నట్టమొచ్చినా అణా నీదే. రేపు పొద్దున్న సెప్పు."

లాభం ఏడాది చివర వస్తుంది. మందులు నెలనెలా కొనాలి. ఇంటికి వెళ్లి నా భార్యకు చెప్పాను. దగ్గు వినపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న కొట్లో షావుకారు, నేను ఇద్దరమే. అయినా ఆయన తుండుగుడ్డ పరిచాడు. నేను మూడు వేళ్లు చాచాను. ఆయన వాటిని ఒకసారి నొక్కి వదిలేశాడు. మెట్లు దిగుతుంటే మా పాలవాడు ఎదురొచ్చాడు. ఇక శేరు వద్దు, అరశేరు పొయ్యమన్నాను.