ఫ్యామిలీ రూంలో రెండు దోసెలు

మా నాయన అమ్మను పేరుతో పిలవడం నేనెన్నడూ వినలేదు. ఇంటికి కొత్తవాళ్ళు వస్తే "మా ఫ్యామిలీ" అని చూపించేవాడు. డెబ్భైల్లో మా కదిరి వైపు మగవాళ్ళందరికీ పెళ్ళామంటే ఫ్యామిలీనే. పిల్లలం ఆ లెక్కలోకి వచ్చేవాళ్ళం కాదు. కాలేజీలో చేరాక లైబ్రరీలో ఇంత లావు నిఘంటువు తిరగేస్తే, లాటిన్‌లో పనివాణ్ణి పిలిచే మాట నుంచి అది పుట్టిందని ఉంది. ఇంట్లో ఉండే నౌకర్లంతా కలిసి ఫ్యామిలీ అట. నాకు ఒళ్ళు మండింది. అంతకు ముందే ఆ మాటతో నాకొక పేచీ ఉంది.

నేను ఏడో తరగతి పాసయితే కదిరి హోటల్లో మసాలా దోసె తినిపిస్తానని నాయన మాటిచ్చాడు. నాకంటే అమ్మకే ఆశ ఎక్కువ. అప్పటిదాకా ఆమె హోటల్ గడప తొక్కలేదు. తీరా నన్ను కదిరి హైస్కూల్లో చేర్చాల్సిన రోజుకు ముందు వాన పడింది. మా నేలలో పదును రెండు రోజులు నిలిస్తే గొప్ప. వేరుశనగ విత్తడం వదిలి నాయన రాలేడు. దోసె పోయినట్టేనని నేను మూతి ముడుచుకున్నాను. అమ్మ మాత్రం మంచి చీర కట్టుకుని నన్ను బస్సెక్కించింది.

స్కూలు పని అయ్యాక హోటల్‌కు వెళ్ళాం. వెనకవైపు పచ్చ తెర కట్టిన గది మీద 'ఫ్యామిలీ రూం' అని రాసి ఉంది. అమ్మకు చదివి వినిపించాను. ఆమె తెర పట్టుకోగానే సర్వర్ అడ్డం వచ్చి, అది ఫ్యామిలీలకేనని, వెంట మగవాళ్ళుండాలని అన్నాడు. బయట బల్లల దగ్గరున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. నాకు పారిపోవాలనిపించింది. అమ్మ మాత్రం నా చెయ్యి వదల్లేదు.

"నేనుండాను, నా కూతురుండాది. ఇంగెవురు రావల్లప్పా?" అంది, గొంతు పెంచకుండా.

అతను తెర పక్కకు లాగాడు.

రెండు దోసెలు ఒకేసారి వచ్చాయి, పొగలు కక్కుతూ. నేను మొదలుపెట్టాను. అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. ఇంట్లో అందరం తిన్నాక, అడుగున మిగిలిన చల్లటి సంగటితో కూర్చోవడం ఆమెకు అలవాటు. ఇక్కడ ఎవరి కోసం ఆగిందో ఆమెకే తెలియదు.

"నువ్వూ తినుమ్మా, ఆరిపోతాది" అన్నాను.

నవ్వి ఒక ముక్క తుంచింది. వేళ్ళు కాలితే ఊదుకుంది. అమ్మ వేడిగా తినడం నేను చూసింది అదే మొదటిసారి. ఇప్పటికీ తలచుకుంటే నా కడుపు నిండినట్టుంటుంది. దోసె మొత్తం తినేసి, సర్వర్‌ను పిలిచి, తన కోసం ఇంకొకటి చెప్పింది.