రోడ్డు మీద అక్క, కోర్టులో నేను

కె.కోటపాడులో ఆడిన బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో చాలాసేపు మేమే ముందున్నాం. చివరికొచ్చేసరికి మా జట్టులో ఒక్కరికీ ఊపిరి అందలేదు. ఓడిపోయి ఆటోలో చోడవరం తిరిగొచ్చాం.

మర్నాడు మా పీఈటీ మేడం జట్టును రెండుగా చీల్చారు. సగం మంది పొద్దున్నే, చెరకు ట్రాక్టర్లు మొదలవకముందే, రావికమతం రోడ్డు మీద ఆగకుండా నెమ్మదిగా పరుగెత్తాలి. మిగతావాళ్లు కోర్టులోనే ఈ గీత నుంచి ఆ గీతకు శక్తికొద్దీ పరుగెత్తి, కాసేపు ఆగి, మళ్లీ పరుగెత్తాలి. దేనివల్ల దమ్ము పెరుగుతుందో చూద్దామన్నారు. మా జట్టులోనే ఆడే మా అక్క రోడ్డెక్కింది. నేను కోర్టులో ఉండిపోయాను.

ఇంట్లో అదే గొడవ.

"ఒసే, మీదీ పరుగేటే? కుప్పిగంతులు!" అనేది అక్క.

"మీరు నడుస్తన్నారో, పరిగెడతన్నారో సూసినోళ్లకి తెలీట్లేదంట" అనేదాన్ని నేను.

కొన్ని వారాలకు పరీక్ష పెట్టారు. ఫోన్లో బీప్ మోగేలోపు అవతలి గీత చేరాలి. పోనుపోను బీపులు దగ్గరపడతాయి. ఒక్కొక్కరూ ఆగిపోగా చివరికి అక్కా నేనూ మిగిలాం. ఇద్దరం దాదాపు ఒకేసారి కూలబడ్డాం. నాకు ఉక్రోషం వచ్చింది. అంత కష్టపడ్డది నేను కదా!

తేడా ఆటలో కనబడింది. బంతితో దూసుకెళ్లి వచ్చాక నేను వెంటనే తేరుకునేదాన్ని. అక్కకు టైం పట్టేది.

"దమ్ము ఇద్దరికీ పెరిగిందమ్మా. కానీ ఈ ఆటలో ఆగాల, తిరగాల, మళ్లీ పరిగెట్టాల" అన్నారు మేడం. ఆ తర్వాత రెండు రకాల పరుగులూ తగ్గించి, సగం కోర్టులో ముగ్గురికి ముగ్గురం బంతితోనే ఆడేలా చేశారు. ఆయాసం అంతే వచ్చేది, కానీ నవ్వుకుంటూ ఆడేవాళ్లం.

అక్క మాత్రం రోడ్డు మానలేదు. ఒకరోజు ఇక ఆడనని జెర్సీ మడిచి మేడం చేతికిచ్చేసింది.

"నా మీద కోపమొచ్చిందేటక్కా?" అని అడిగాను.

"నీ మీద కాదే. కోర్టులో ఎవులో ఒకలు అరుస్తానే ఉంటారు. రోడ్డు మీద నా ఊపిరి నాకు ఇనిపిస్తంది. అదే బాగుంది."

జట్టుకు ఏది మంచిదో తేల్చుకోవడానికి మొదలుపెట్టిన పని, అక్కకు ఏది కావాలో తేల్చేసింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాన్నాళ్లు పట్టింది.

తర్వాతి మ్యాచ్ గెలిచాం. ఇప్పుడు ఆదివారాలు అక్కతో నేనూ రోడ్డు మీద పరుగుకు వెళ్తున్నాను. నాకు అలవాటు లేదని తను వేగం తగ్గిస్తుంది. వద్దన్నా వినదు.