గుమ్మడి సూపులో వదిన వంతు

"అమ్మీ, ఇయ్యాల సూపు తేకు. మీ వదిన ఎల్లిపోయింది."

మా అన్నయ్య ఫోన్లో అన్న మాటలు ఇవే. పొద్దున్నే స్కూలుకి బయల్దేరేముందు జల్లెడలో గుమ్మడి గుజ్జు పోసి గరిటెతో రుద్దుతున్నాను. ఆ రోజు సూపు కుదిరింది. ఇన్నాళ్లలో మొదటిసారి ఉండ లేదు, రవ్వ లేదు, మీగడ విరగలేదు. కుదిరిన రోజే తాగే మనిషి లేకుండా పోయింది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఈ నాలుగు మాటల్లో అది అక్కడక్కడా పైకి తేలితే చదివేవాళ్లు ఏమీ అనుకోవద్దు.

చోడవరంలో మా ఇంటికీ అన్నయ్య ఇంటికీ రెండు వీధుల దూరం. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వదిన మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నేను పలకా బలపం పట్టుకు తిరిగేదాన్ని. అందుకని నేను జుట్టుకి రంగు వేసుకునే వయసుకి వచ్చినా ఆవిడకి గుంటనే, చిన్నపిల్లనే. నేను ఫోను ఎత్తకపోతే మా హెడ్మాస్టరు గారికి చేసి, "మా గుంటకి క్లాసుందేటి బాబూ?" అని అడిగేది. వద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. "మరి నువ్వెత్తాల కదా" అనేది. అక్కడితో ఆ వాదన అయిపోయేది, ఓడిపోయేది నేనే.

కిందటేడు ఆవిడ గొంతుకి ఆపరేషన్ అయింది. ఆ తరవాత అన్నం మెతుకు దిగడం కూడా కష్టమైంది. విశాఖపట్నంలో డాక్టరు గారు ఒకటే చెప్పారు: ఏది పెట్టినా మెత్తగా, ఉండ లేకుండా, బలం ఉండేలా పెట్టండి, మనిషి తగ్గిపోకూడదు. గంజి, జావ, పప్పుకట్టు అన్నీ అయ్యాయి. రాగిజావ గ్లాసు చూస్తేనే మొహం తిప్పేసుకునేది. వారం వారం జాకెట్లు వదులవుతున్నాయి. అన్నయ్య వాళ్ల ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ వాటికి కుట్లు వేసీ వేసీ, "ఇంక ఎయ్యడానికి గుడ్డ మిగల్లేదు మేడమ్" అని నాతో చాటుగా అంది. ఆ మాట విన్న రోజే ఫోన్లో వంటలు వెతకడం మొదలుపెట్టాను. అక్కడ కనిపించింది ఈ గుమ్మడికాయా బేరిపండూ కలిపి చేసే సూపు.

చెయ్యడం తేలికేనని ఆ వీడియోలో అమ్మాయి నవ్వుతూ చెప్పింది. ఆ అమ్మాయికి చోడవరం బజారు తెలీదు. ఇక్కడ జామకాయలు బుట్టలకొద్దీ దొరుకుతాయిగానీ బేరిపండు కావాలంటే అనకాపల్లి వెళ్లే మా సైన్సు టీచరుని బతిమాలుకోవాలి. తెచ్చినవి రాళ్లలా ఉండేవి. బియ్యం డబ్బాలో పూడ్చి, రోజూ తీసి నొక్కి చూసి, మళ్లీ పూడ్చి, తొడిమ దగ్గర మెత్తబడే దాకా ఆగాలి. ఆగకుండా వేశానో, ఎంత ఉడికినా నాలిక్కి ఇసుక తగులుతుంది. గుమ్మడిముక్కలూ పండుముక్కలూ వెన్నలో మగ్గించిన ఉల్లిపాయతో ఉడికించి, అల్లం, మిరియప్పొడి వేసి, చల్లార్చి మిక్సీలో తిప్పాలి. మొదటిరోజు చల్లారలేదు. మూత ఎగిరిపోయింది. వంటింటి గోడ మీద ఆ పసుపు మరక ఇప్పటికీ ఉంది. క్రీము ఎక్కడా దొరక్క పాలమీద మీగడ వేస్తే పొరలు పొరలుగా తేలింది. ముందు మీగడని చెంచాడు పాలతో గిలకొట్టి, సూపు పొయ్యి మీంచి దించాక కలపాలని తెలిసేటప్పటికి నా జీతంలో సగం వెన్న వాళ్ల పాలయింది.

ఇంతా చేసి తీసుకెళ్తే వదిన గిన్నెలోకి వంగి చూసింది. "పండేసి పులుసేటే?" అంది.

"పులుసు కాదు వదినా, సూపు. తాగు."

చెంచాతో రుచి చూసింది. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. లేచి వెళ్లి చిన్న గ్లాసులు తెచ్చింది. ఒకటి అన్నయ్యకి. ఒకటి ఎదురింటి కుట్టు ఆవిడకి. ఒకటి పాలు పోయడానికొచ్చిన మనిషికి. చివరికి గిన్నె అడుగున ఆవిడకి మిగిలింది రెండు చెంచాలు.

"వాళ్లందరికీ పళ్లున్నాయి, గొంతులున్నాయి. నమిలి మింగగలరు. ఇది నీకోసం చేశాను!"

"నాను మింగలేనని ఆళ్లకి ఆకలుండదేటే?"

రెండోసారీ అదే. మూడోసారి పక్కనే కూర్చుని కాపలా కాశాను. పెదాలు బిగించుకుని కూర్చుంది. "గుమ్మడికాయ కోసిన ఇంట్లో కత్తి ఆరకముందే ముక్క గుమ్మం దాటాల. దాటకుండా తింటే నా గొంతులో నిలబడిపోతాది" అంది. ఆ మాట మీద ఇంక ఆవిణ్ని కదపలేకపోయాను.

ఈ పట్టింపు కొత్తది కాదు. మా వైపు ఇప్పటికీ చాలా ఇళ్లలో నిండు గుమ్మడికాయ మీద మొదటి వేటు ఆడవాళ్లు వెయ్యరు, మగవాడు వెయ్యాలి. కోసిన కాయని ఒక్క ఇల్లే తినదు, ఇరుగుపొరుగుకి ముక్కలు వెళ్తాయి. వదిన కొత్తగా వచ్చిన రోజుల్లో దేవరాపల్లి నుంచి మా మావయ్య ఒక పెద్ద కాయ పంపాడు. ఇంట్లో మగవాళ్లెవరూ లేరు. మా అమ్మ సాయంత్రం చూద్దాంలే అంది. కొత్తకోడలు తలుపు చాటునుంచి వీధిలోకి చూసి, సైకిలు మీద పోతున్న పోస్టుమేన్ని ఆపేసింది. "బాబూ, ఒక్క దెబ్బెయ్యండి" అని కత్తి చేతికిచ్చింది. పాపం ఆయన చెప్పులు విడిచి, సంచీ గుమ్మంలో పెట్టి, కాయని రెండు చెక్కలు చేసి చెమట తుడుచుకున్నాడు. వెళ్లేటప్పుడు ఆయన సంచీలో ఉత్తరాల మీద అరటాకులో చుట్టిన ముక్క ఒకటి పెట్టింది. ఎవరి ఉత్తరాలకి ఎంత తడి అంటిందోగానీ, ఆయన రిటైరయ్యేదాకా మా ఇంటిముందు బెల్లు రెండుసార్లు కొట్టేవాడు. చిన్నప్పుడు నాకది భలే గొప్పగా ఉండేది. గొంతు దిగని మనిషి అదే పట్టు పడితే మాత్రం గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

లెక్కల టీచర్ని కదా, దారి వెతికాను. నాలుగోసారి మార్కెట్లో కోసి పెట్టిన ముక్క కొన్నాను. "కాయ మనం కొయ్యలేదు. కాబట్టి పంచక్కర్లేదు" అన్నాను. వదిన కాసేపు ఆలోచించింది. నాకు ఆశ పుట్టింది.

"డబ్బులిచ్చి కొన్నది నీ కాయే అవుతాది, నీదైతే మన ఇంటిదే. ఎవులైనా పంపితే అది వంతు. వంతొస్తే మాత్రం మనవే తినాల. ఇంకొకరికి తోసేత్తే పంపినోళ్లని అవమానించినట్టు."

ఆ మాట చాలు నాకు. మర్నాడు ఒక కాయ కొని నేరుగా ఎదురింట్లో దింపాను. కుట్టు ఆవిడ భర్త దాని మీద మొదటి వేటు వేశాడు. ఆవిడ పెద్ద ముక్క పళ్లెంలో పెట్టుకుని వీధి దాటింది. "మా ఇంట్లో కాయ కోసేమండీ. మీ వంతు" అని అప్పజెప్పింది. నేను ఏమీ ఎరగనట్టు అన్నయ్య ఇంట్లో పేపరు చదువుతున్నాను. వదిన పళ్లెం చూసింది, నన్ను చూసింది, మళ్లీ పళ్లెం చూసింది. "సరే, ఒండు" అంది.

ఆ పూట ఆవిడ గిన్నెడు సూపు తాగింది. నిండు గిన్నె. ఒక్కతే. మధ్యలో ఆగి ఆగి, ఒక చేత్తో గొంతు పట్టుకుని, అయినా తాగింది. గిన్నె అంచుకి అంటుకున్నది కూడా వేలితో తుడిచి నోట్లో పెట్టుకుంది. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

అక్కడితో ఆపితే బాగుండేది. ఆ సంతోషం పట్టలేక, ఎలా తాగించామో కుట్టు ఆవిడా నేనూ వీధిలో ఒకరిద్దరికి చెప్పాం. మంచి మనసున్న వీధులతో వచ్చే చిక్కే అది. మరుసటి వారం ఒకే పూట నాలుగిళ్ల నుంచి నాలుగు పళ్లేలు వచ్చాయి. ప్రతి పళ్లెంలోనూ గుమ్మడిముక్క, ప్రతివాళ్ల నోటా "మీ వంతండీ" అన్న మాటే. వదిన వాటిని గట్టుమీద వరసగా పేర్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నావైపు తిరిగింది.

"ఒసే గుంటా, ఈ ఈధిలో అందరికీ ఒకే రోజు గుమ్మడికాయ మీద మనసైందేటే?"

తరవాత నవ్వింది. ఆపరేషన్ అయ్యాక ఆవిడ గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. నవ్వి, అటక మీంచి పెద్ద గుండిగ దింపించింది. నాలుగు ముక్కలూ అందులో వెయ్యమంది. సూపంతా నాలుగిళ్లకీ పంపమంది.

"వంతు తోసెయ్యకూడదన్నావు కదా వదినా!"

"ముక్క తోసెయ్యకూడదన్నాను. వండింది పంచొచ్చు."

"మధ్యలో రూలు మార్చేస్తే మా క్లాసులో సున్నా వేస్తాను."

"ఏసుకో" అంది. గరిటె అందుకుని కలుపుతోంది.

నేను అరిచాను. నిజంగానే అరిచాను. ఎముకలు లెక్కపెట్టగలిగేలా ఉన్నావు, ఎవరికి పెడతావు, ఎందుకు పెడతావు అని. ఆవిడ నన్ను అరవనిచ్చి, నా చేతిలోనే రెండు క్యారేజీలు పెట్టి వీధి చివరి ఇళ్లకి పంపింది. అలిగి ఆ ఇళ్లకి నడుచుకుంటూ వెళ్లాను, ఇచ్చాను, వాళ్లు బాగుందంటే ఇంకా మండింది. ఆ తరవాత మళ్లీ నిండు గిన్నె తాగడం నేను చూడలేదు. రెండు చెంచాలు, మూడు చెంచాలు. చివరి రోజుల్లో అది కూడా నా మొహం చూసి తాగేది.

పోయిన రోజు వీధి వీధంతా వచ్చింది. అందరూ ఒకే మాట. "మహాతల్లి, ఎప్పుడెళ్లినా ఉత్తచేతుల్తో పంపలేదు. అందరికీ పెట్టింది." అవును, పెట్టింది. నేనూ ఆ చేతి ముద్ద తిని పెరిగినదాన్నే, పరీక్షల రోజుల్లో నా పుస్తకం మీంచి కళ్లు తియ్యకుండానే ముద్దలు నోటికందించిన చెయ్యి అది. కానీ ఆ మాట నాకు మింగుడుపడలేదు. పెట్టడం గురించే పొగిడి పొగిడి ఆవిణ్ని తిననివ్వలేదేమో మనమంతా. పెళ్లిళ్లలో ఆఖరి బంతి ఆవిడది. ఇంట్లో ఆఖరి కంచం ఆవిడది. ఎవరూ ఆవిణ్ని ఆఖర్న తినమనలేదు, ముందు తినమనీ అనలేదు.

పెద్దకర్మ రోజు పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి డాబా మీద కాకులకి పెట్టడం మా ఆనవాయితీ. పొయ్యి వెలిగించేముందు అన్నయ్య కూతురు అడిగింది, "అమ్మకి ఏటిష్టం నాన్నా?"

అన్నయ్య కందిపచ్చడి అన్నాడు. అది ఆయనకిష్టం. కూతురు తనే బొబ్బట్లు అంది. అవి దానికిష్టం. ఎవరో మాడుగుల హల్వా అన్నారు, ఆవిడ పుట్టిల్లు అటే కదాని. పుట్టింటికెళ్లినప్పుడల్లా తెచ్చేది నిజమే, ముక్కలు చేసి మాకు పెట్టేది నిజమే. తన నోట్లో వేసుకోగా చూసినవాళ్లు ఆ గదిలో ఒక్కరూ లేరు. అన్నయ్య, "నాకేటి తెలుసమ్మీ. ఏది వండినా బాగుందా అని నన్నడిగేది" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"సూపు పెడదాం" అన్నాను. "ఒక్కసారైనా గిన్నె తుడుచుకు తాగింది. అది నా కళ్లారా చూశాను."

ఎవరూ కాదనలేదు. ఉల్లిపాయ వెయ్యొద్దని పురోహితుడు గారు ఒక్కమాట చెప్పారు. అన్నయ్య కాయ మీద వేటు వేశాడు. నేను రెండుసార్లు వడకట్టాను. పలచబడితే డొప్పలో నిలవదని చిక్కగా చేశాను. అన్నీ వడ్డించిన ఆకు పక్కన అరటిడొప్పలో సూపు పోసి పిట్టగోడ మీద పెట్టి, అందరం మెట్ల దగ్గరికి జరిగాం.

ఎక్కువసేపు ఆగనక్కర్లేకపోయింది. ఒక కాకి వచ్చి వాలింది. పచ్చడి చూసింది, బొబ్బట్టు చూసింది. గెంతుకుంటూ సూపు దగ్గరికి వచ్చి మెడ వంచింది.

అది ముక్కు ముంచలేదు. మెడెత్తి, ఊరంతా వినిపించేలా అరిచింది. కరెంటు తీగమీంచి ఇంకొకటి వచ్చింది. ఎదురింటి డాబామీంచి రెండు, ఆ వెనక మరికొన్ని. గోడంతా నల్లబడింది.

"ముందు నువ్వు తాగు!" అని అరిచాను. పురోహితుడు గారు వెనక్కి తిరిగి చూశారు. "ఒక్క చుక్కైనా తాగు, తరవాత పిలుచుకో!"

అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. మిగిలినవన్నీ ముక్కులు ముంచి, తోసుకుంటూ, అరుచుకుంటూ తాగుతున్నాయి. మొదట వచ్చింది మాత్రం గోడ చివరికి జరిగి, డొప్ప ఖాళీ అయ్యేదాకా వాటినే చూస్తూ కూర్చుంది.